మెదడులో రక్తం చప్పుడు విన్నారా? 200 అనే అంకె వెనక కథ

ఇవాళ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేలు మీ కణత మీద పెట్టండి. కంటి చివరకీ చెవికీ మధ్యలో ఉంటుంది చూడండి, అక్కడ. పెట్టారా? మన పుర్రె అన్నిచోట్లా ఒకే మందంలో ఉండదు. మీ వేలు ఉన్న చోట ఎముక బాగా పల్చగా ఉంటుంది. రూపాయి బిళ్ళంత ఆ చోటు మీదే నా ఉద్యోగం అంతా నడుస్తోంది.

నేను విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో, న్యూరో ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. డాక్టర్‌ని కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. మందులు చెప్పను, జబ్బు పేరు పెట్టను. నేను చేసేది ఒక పరీక్ష. దాని పేరు ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్. మేం ముద్దుగా టీసీడీ అంటాం. పుర్రెకి చిల్లు పెట్టకుండా, సూది గుచ్చకుండా, మెదడు రక్తనాళాల్లో రక్తం ఎంత వేగంగా పోతోందో శబ్దంతో కనిపెట్టే పరీక్ష ఇది. ఈ పరీక్ష వల్ల ఒక పాపకి పక్షవాతం రాకుండా ముందే జాగ్రత్త పడగలిగాం. అదే ఇంట్లో ఒక బాబుకి ఆ అవకాశం దొరకలేదు. ఇవాళ ఆ ఇద్దరి గురించే చెప్తాను. దానికి ముందు పరీక్ష ఎలా పనిచేస్తుందో తెలియాలి కదా, అది చూద్దాం.

రోడ్డు మీద 108 ఆంబులెన్స్ మన వైపు వస్తున్నప్పుడు సైరన్ కీచుగా వినిపిస్తుంది. మనల్ని దాటి వెళ్ళిపోగానే అదే సైరన్ బొంగురుగా మారిపోతుంది. డ్రైవర్ సైరన్ మార్చాడా? లేదు. శబ్దం చేసేది మన వైపు వస్తుంటే తరంగాలు దగ్గర దగ్గరగా వస్తాయి, దూరం పోతుంటే విడివిడిగా వస్తాయి. ఈ సంగతి 1842లో క్రిస్టియన్ డాప్లర్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ప్రాగ్ నగరంలో చెప్పాడు. ఆయన అప్పుడు మాట్లాడింది నక్షత్రాల రంగుల గురించి! మూడేళ్ళ తర్వాత, 1845లో, బైస్ బాలట్ అనే డచ్ శాస్త్రవేత్త దీన్ని పరీక్షించాలనుకున్నాడు. రైలు మీద బాకాలు ఊదేవాళ్ళని ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం ఉన్నవాళ్ళని నిలబెట్టాడు. రైలు వస్తున్నప్పుడు ఒక శ్రుతి, పోతున్నప్పుడు ఇంకో శ్రుతి. డాప్లర్ చెప్పింది నిజమేనని తేలింది.

ఇప్పుడు రైలు బదులు మన ఎర్ర రక్తకణాల్ని ఊహించుకోండి. మా చేతిలో పెన్ను లాంటి ప్రోబ్ ఉంటుంది. అది సెకనుకి 20 లక్షల సార్లు కంపించే శబ్దాన్ని లోపలికి పంపుతుంది. అది మన చెవికి వినపడదు, మన చెవి 20 వేల దగ్గరే ఆగిపోతుంది. ఆ శబ్దం పరుగెత్తే కణాలకి తగిలి వెనక్కి వస్తుంది. వెళ్ళిన శబ్దానికీ వచ్చిన శబ్దానికీ కొంచెం తేడా ఉంటుంది. ఎంత తేడా ఉంటే అంత వేగం. రక్తం సెకనుకి 100 సెంటీమీటర్ల వేగంతో వస్తుంటే ఆ తేడా సుమారు 2,600 కంపనాలు. ఇక్కడో తమాషా ఉంది. ఆ 2,600 మాత్రం మన చెవికి బ్రహ్మాండంగా వినిపిస్తుంది. అందుకే ఈ మెషిన్‌కి స్పీకర్ ఉంటుంది. మీ మెదడులో రక్తం పారే చప్పుడు గదిలో అందరికీ వినిపిస్తుంది. హుష్... హుష్... హుష్... అని, గుండె కొట్టుకునే లయలో.

అసలు చాలాకాలం ఇది కుదరదనే అనుకున్నారు. గుండెకి, కడుపుకి అల్ట్రాసౌండ్ వచ్చేసింది. కానీ పుర్రె ఎముక శబ్దాన్ని మింగేస్తుంది కదా! 1982లో రూన్ ఆస్లిడ్ అనే నార్వే శాస్త్రవేత్త, స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో తోటివాళ్ళతో కలిసి దారి చూపించాడు. శబ్దాన్ని తక్కువ ఫ్రీక్వెన్సీకి దించి, ఎముక పల్చగా ఉన్న కణత దగ్గర పెడితే లోపలికి వెళ్తుందని తేల్చాడు. మెదడులో రక్తస్రావం అయిన కొందరికి కొన్ని రోజుల తర్వాత రక్తనాళాలు బిగుసుకుపోతాయి. దాన్ని మంచం దగ్గరే కనిపెట్టాలన్నది అప్పటి అవసరం. ఆ పనికి ఇప్పటికీ ఐసీయూల్లో టీసీడీ వాడతారు.

పరీక్ష ఎలా చేస్తామంటే, మనిషిని పడుకోబెట్టి కణత మీద కాస్త జెల్ రాస్తాం. చల్లగా ఉంటుంది, అంతే. నొప్పి లేదు, రేడియేషన్ లేదు. ఓ అరగంట పని. చాలామంది స్క్రీన్ మీద మెదడు బొమ్మ కనపడుతుందనుకుంటారు. మా పాత పద్ధతి మెషిన్‌లో బొమ్మ ఏమీ ఉండదు. కొండల వరసలా ఒక గ్రాఫ్, దాంతోపాటు చప్పుడు. ఎంత లోతు నుంచి వచ్చే శబ్దం వినాలో మనమే మెషిన్‌కి చెప్తాం. 50 మిల్లీమీటర్లు అంటే 50 దగ్గర పారే రక్తం ఒక్కటే వినిపిస్తుంది. చీకట్లో గోడ తడుముకుంటూ స్విచ్ వెతికినట్టు, ప్రోబ్‌ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ వెతకాలి.

పెద్దవాళ్ళలో ఆ లోతు దగ్గర దొరికేది మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ. మెదడుకి ఒక పక్క వెళ్ళే రక్తంలో ఎక్కువ భాగం దీనిదే. చెయ్యి ఆడాలన్నా, మాట రావాలన్నా ఇదే దిక్కు. అందులో రక్తం ప్రోబ్ వైపు వస్తుంది కాబట్టి గ్రాఫ్ పైకి లేస్తుంది. ఇంకొంచెం లోతుకి వెళ్తే నాళం రెండుగా చీలే చోటు వస్తుంది. అక్కడ ఒకేసారి పైకీ కిందకీ గ్రాఫ్ వస్తుంది, సీతాకోకచిలుక రెక్కల్లా. అది కనపడిందంటే సరైన చోటే ఉన్నామని మాకు ధైర్యం.

వేగం ఎందుకు కొలవాలి? తోటలో నీళ్ళు పెట్టేటప్పుడు పైపు మూతి మీద బొటనవేలు నొక్కి చూడండి. నీళ్ళు రయ్యిమని దూకుతాయి. దారి ఇరుకైతే వేగం పెరుగుతుంది. పాపికొండల దగ్గర గోదావరి కొండల మధ్య ఇరుక్కుని ఎంత ఉరవడిగా పోతుందో చూసినవాళ్ళకి తెలుసు. రక్తనాళమూ అంతే. ఎక్కడ సన్నబడితే అక్కడ రక్తం పరుగు పెడుతుంది. ఒక పెద్దాయనకి మామూలుగా సెకనుకి 60 సెంటీమీటర్ల దగ్గర ఉండే వేగం రెండింతలైందంటే, ఆ చోట ఏదో జరుగుతోందని అనుమానించాలి.

సరే, ఇక ఆ పాప సంగతి.

పాడేరు వైపు నుంచి వచ్చారు. నాన్న, ఎనిమిదేళ్ళ పాప, పదకొండేళ్ళ అన్నయ్య. ఘాట్ రోడ్డు దిగి వంద కిలోమీటర్ల పైనే ప్రయాణం. పొద్దున్నే చీకట్లో బయల్దేరారట. పరీక్ష పాపకి. నేను పేపర్లు తీసుకుంటుంటే బాబు ఎడమ చేత్తో పాప చెప్పులు విప్పుతున్నాడు. కుడి చెయ్యి మడిచి, పొట్టకి ఆనించి పెట్టుకున్నాడు. నేను చూడటం గమనించి వాళ్ళ నాన్నే చెప్పాడు. "ఆరేళ్ళప్పుడు బడిలో పడిపోయాడమ్మా. మాట కూడా పోయింది. గాలి సోకిందనుకున్నాం. మూడు రోజులు మంత్రం వేయించాం. తర్వాత పెద్దాసుపత్రిలో చెప్పారు, ఇది సికిల్ సెల్ అని, పక్షవాతం అని."

ఆరేళ్ళ పిల్లాడికి పక్షవాతం ఏంటి అనిపిస్తుంది కదా. సికిల్ సెల్ జబ్బులో ఎర్ర రక్తకణాలు గుండ్రంగా, మెత్తగా ఉండాల్సింది పోయి, కొడవలిలా వంగి గట్టిపడతాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ జన్యువు మోసేవాళ్ళైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. మన దగ్గర పాడేరు, అరకు, భద్రాచలం, ఆదిలాబాద్ లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ జబ్బు ఉంది. ఒళ్ళు నొప్పులు, రక్తం తక్కువ కావడం చాలామందికి తెలుసు. తెలియనిది ఏంటంటే, ఈ కణాలు మెదడు అడుగున ఉండే పెద్ద రక్తనాళాల లోపలి గోడని కూడా పాడుచేస్తాయి. గోడ మందమై, దారి సన్నబడి, ఒకరోజు మూసుకుపోతుంది. మామూలు పిల్లల్లో పక్షవాతం చాలా అరుదు. ఈ జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లల్లో, ఏ జాగ్రత్తా లేకపోతే, 20 ఏళ్ళు వచ్చేలోపు ప్రతి వందమందిలో సుమారు 11 మందికి వస్తుందని అమెరికాలో లెక్క తేల్చారు.

పాపని బల్ల మీద పడుకోబెట్టాను. కుడి పక్క 160 వచ్చింది. ఎడమ పక్క మొదలుపెట్టాను. 190, 198, 204. నా గుండె గుభేలుమంది. ఎందుకంటే ఈ పరీక్షలో 200 అనేది గీత. అది దాటితే ప్రమాదం. రిపోర్ట్‌లో 204 రాసేశాను కూడా. మా సీనియర్ మేడమ్ లోపలికి వచ్చి, స్క్రీన్ చూడకుండా పాప మొహం చూశారు. "నిద్రపోతోంది కదే, లేపి మళ్ళీ చెయ్" అన్నారు.

నిజమే. చీకటితో లేచి వచ్చిన పిల్ల, చల్లటి గది, అరగంట పడుకోబెట్టాం. నిద్రపోక ఏం చేస్తుంది? నిద్రలో ఊపిరి నెమ్మదిస్తుంది, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కొంచెం పెరుగుతుంది. దానికి మెదడులోని చిన్న నాళాలు విప్పారి, పెద్ద నాళాల్లో వేగం పెరుగుతుంది. ఏడిస్తే దీనికి రివర్స్. ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చే పిల్లల్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, అంకె తక్కువ చూపిస్తుంది. జ్వరం ఉంటే ఎక్కువ వస్తుంది, కొత్తగా రక్తం ఎక్కించి ఉంటే తక్కువ వస్తుంది. నాకు ఇవన్నీ తెలుసు. తెలిసి కూడా చూసుకోలేదు. అప్పటినుంచి నేను పిల్లలతో కబుర్లు చెప్తూనే పరీక్ష చేస్తాను.

పాపని లేపాం. వాళ్ళ అన్నయ్య ఫోన్‌లో కార్టూన్ పెట్టి పట్టుకున్నాడు, ఎడమ చేత్తో. చప్పుడు వినగానే పాప అడిగింది, "అక్కా, నా తలకాయలో ఏరు పోతోందా?" అని. అవునమ్మా, ఏరే అన్నాను. ఈసారి 182.

ఇక్కడ అంకెలు కాస్త గుర్తుపెట్టుకోండి. సికిల్ సెల్ పిల్లల్లో రక్తం పల్చగా ఉంటుంది కాబట్టి వేగం మామూలుగానే ఎక్కువ, 130 చుట్టుపక్కల ఉండటం సాధారణం. 170 లోపు అయితే నార్మల్, ఏడాదికి మళ్ళీ చూడాలి. 170 నుంచి 199 వరకు అనుమానం, కొన్ని నెలల్లోనే మళ్ళీ రావాలి. 200, ఆపైన అయితే అబ్‌నార్మల్. ఇది రెండేళ్ళ నుంచి పదహారేళ్ళ వరకు పిల్లలకి వాడే లెక్క. రంగుల బొమ్మ చూపించే మెషిన్‌లో అంకె కాస్త తక్కువ వస్తుంది, అందుకే ఏ పద్ధతిలో చేశారో రిపోర్ట్‌లో ఉండాలి.

మూడు నెలలకి మళ్ళీ రమ్మన్నాం. నిజం చెప్పాలంటే రారేమో అనుకున్నాను. వరినాట్ల టైమ్, వానలు, రోడ్డు. కానీ వచ్చారు. ఈసారి పాప మెలకువగా ఉంది, జ్వరం లేదు, ఏడవలేదు. ఎడమ పక్క 212. రెండు వారాల తర్వాత నిర్ధారణ కోసం మళ్ళీ చేస్తే 209. ఆ 209 చూశాక ఎవ్వరికీ అనుమానం లేదు. అన్నయ్యకి దెబ్బ తగిలింది కూడా ఎడమ పక్కే. మెదడు ఎడమ పక్క దెబ్బతింటే కుడి చెయ్యి పోతుంది, మాట పోతుంది.

మరి 200 అనే గీత ఎవరు గీశారు? అమెరికాలో జార్జియా వైద్య కళాశాలకి చెందిన రాబర్ట్ ఆడమ్స్ అనే న్యూరాలజిస్ట్, ఆయన బృందం. ఏళ్ళ తరబడి పిల్లల్ని పరీక్షించి, 200 దాటినవాళ్ళలో ఏటా వందకి సుమారు పదిమందికి పక్షవాతం వస్తోందని గమనించారు. తర్వాత స్టాప్ అనే పేరుతో పెద్ద అధ్యయనం చేశారు. 200 దాటిన 130 మంది పిల్లల్ని రెండు గుంపులు చేశారు. 63 మందికి క్రమం తప్పకుండా రక్తం ఎక్కించారు, 67 మందికి మామూలు వైద్యం. ఏం జరిగిందో తెలుసా? మామూలు వైద్యం గుంపులో 11 మందికి స్ట్రోక్ వచ్చింది. రక్తం ఎక్కించిన గుంపులో ఒక్కరికి. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, మిగతా పిల్లలకి కూడా వెంటనే ఈ వైద్యం అందించాలని 1997లో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. ఫలితాలు 1998లో అచ్చయ్యాయి.

పాపకి కూడా అదే మొదలుపెట్టారు. మూడు నాలుగు వారాలకోసారి రక్తం. ఎక్కించిన మంచి కణాలు కొడవలి కణాల వాటా తగ్గిస్తాయి. దీనికీ ఇబ్బందులున్నాయి. ఒంట్లో ఇనుము పేరుకుంటుంది, దానికి వేరే మందు వాడాలి. అంకె తగ్గింది కదా అని ఆపేద్దామంటే కుదరదు. ఆపి చూసిన రెండో అధ్యయనంలో చాలామంది పిల్లల్లో వేగం మళ్ళీ పెరిగింది, ఇద్దరికి స్ట్రోక్ కూడా వచ్చింది. మంచి వార్త ఏంటంటే, కనీసం ఏడాది రక్తం ఎక్కించుకుని, నాళాలు మరీ ఇరుకు కాని పిల్లల్ని, నెమ్మదిగా హైడ్రాక్సీయూరియా అనే మందుకి మార్చవచ్చని 2016లో అచ్చయిన ఇంకో అధ్యయనం చూపించింది. ఎప్పుడు మార్చాలి, ఎంత డోసు అనేది డాక్టర్లే చూసుకోవాలి. నెట్‌లో చూసి ఎవరూ సొంతంగా మొదలుపెట్టకండి, ఆపకండి.

పోయిన నెల పాప మళ్ళీ వచ్చింది. ఎడమ పక్క 158. నేను అంకె చెప్పగానే వాళ్ళ నాన్న కాసేపు మాట్లాడలేదు. స్పీకర్‌లోంచి చప్పుడు వస్తూనే ఉంది. తర్వాత అన్నాడు, "మావోడికి కూడా ఈ చప్పుడు ముందే విని ఉంటే బాగుండేది కదమ్మా."

నా దగ్గర జవాబు లేదు. బాబు పక్కనే కూర్చుని చెల్లెలి జుట్టుకి అంటిన జెల్ తుడుస్తున్నాడు. ఈ ఎపిసోడ్ చేయాలని ఆ రోజే అనుకున్నాను.

ఎందుకంటే ఫ్రెండ్స్, 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలనకి జాతీయ కార్యక్రమం మొదలైంది. 40 ఏళ్ళ లోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. చాలామందికి కార్డు వస్తుంది, జబ్బు ఉందో లేదో తెలుస్తుంది. చాలా మంచి పని. కానీ జబ్బు ఉందని తెలియడం ఒకటి, ఏ బిడ్డకి పక్షవాతం పొంచి ఉందో తెలియడం ఇంకొకటి. రెండోది ఆ కార్డులో ఉండదు. దానికి ఈ అరగంట పరీక్ష కావాలి, ఏటా కావాలి. కాబట్టి మీ ఊళ్ళో, మీ హాస్టల్‌లో, మీ బంధువుల్లో సికిల్ సెల్ ఉన్న పిల్లలు ఉంటే, వాళ్ళ అమ్మానాన్నలకి ఒక్క మాట చెప్పండి. "ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు టీసీడీ చేయించాలా అని అడగండి" అని. అంతే చాలు.

ఈ పరీక్ష హద్దులు కూడా చెప్పాలి. కొంతమంది పెద్దవాళ్ళలో, ముఖ్యంగా వయసు మీరిన ఆడవాళ్ళలో, కణత ఎముక మందంగా ఉండి శబ్దం లోపలికే వెళ్ళదు. ప్రోబ్ వాలు తప్పితే అంకె తప్పుతుంది. 30 డిగ్రీలు పక్కకి పోతే అసలు వేగం కంటే 13 శాతం తక్కువ చూపిస్తుంది. అంటే 212 ఉన్న పాపకి 184 వస్తుంది! నాళం పూర్తిగా మూసుకుపోతే చప్పుడే ఉండదు. అందుకే మరీ తక్కువ వచ్చినా, ఒక పక్క అసలు దొరక్కపోయినా, "బాగానే ఉంది" అని రాయకూడదు. డాక్టర్ ఎంఆర్ఐ చేయించాలా అని చూస్తారు. ఇంకో మాట, తలనొప్పి వచ్చినోళ్ళందరూ ఈ పరీక్షకి పరుగెత్తక్కర్లేదు. మామూలు తలనొప్పికి ఇది జవాబు చెప్పదు.

ఎవరికైనా సరే, చిన్నపిల్లలకైనా, మూతి ఒక పక్కకి పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, టైమ్ చూసుకుని వెంటనే 108కి కొట్టండి. పెద్దవాళ్ళలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. సికిల్ సెల్ పిల్లలకి వైద్యం వేరు, కానీ తొందర మాత్రం అంతే. మంత్రాలకి మూడు రోజులు లేవు మన దగ్గర.

చివరగా, ఈ పాప లాంటి ఒక్క బిడ్డకి ఏడాదికి పన్నెండు సార్లకి పైనే రక్తం కావాలి. అది షాపులో దొరకదు. మీకు 18 నిండి, 45 కిలోలు దాటి, ఆరోగ్యంగా ఉంటే ఇవ్వొచ్చు. మగవాళ్ళు 90 రోజులకోసారి, ఆడవాళ్ళు 120 రోజులకోసారి. నేను పోయిన వారమే ఇచ్చి వచ్చాను. మీరు కూడా ఈ నెలలో ఒక రోజు చూసుకోండి.

ఇవాళ్టికి ఇంతే. కణత మీద వేలు ఇంకా ఉంటే తీసేయండి, చెయ్యి నొప్పెడుతుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.